గురివిని వెనక్కి పంపిన రోజు

అనగా అనగా, ఏటికి వంతెన అంటే ఏమిటో తెలియని కాలం. ఆ ఏట్లో నీళ్లు తక్కువ, ఊబి ఎక్కువ. ఎక్కడ వాన పడ్డా ఇసుక చోటు మార్చుకునేది. ఆ సంగతి అరికాలితో కనిపెట్టే మనిషి ఒక్కతే, ఊరవతల గుడిసెలో ఉండే గురివి. ఆమె కర్ర పొడుచుకుంటూ ముందు నడిచేది. జనం ఆమె అడుగులో అడుగు వేసేవాళ్లు.

ఊరిపెద్ద బసివిరెడ్డి కొడుక్కి అవతలి ఊరి సంబంధం కుదిరింది. పిల్లను చూడ్డానికి ఏరు దాటారు. గురివి ముందు, రెడ్డి వెనక. తాంబూలాలకు దాటారు. గురివి ముందు, రెడ్డి వెనక. మూడోసారి పెళ్లికి తరలివెళ్లారు. అవతలి గట్టున వియ్యాలవారు బారులు తీరి చూస్తున్నారు.

రెడ్డికి తల కొట్టేసినట్టయింది. ఇంతమంది చూస్తుండగా, దీని వెనకాలా?

"ఏమే గురివీ, ఇవాళ నువ్వు వెనక రా. ఎటు తిరగాలో కేకేసి చెప్పు."

"దారి చెప్పడం వేరు, దారి తీయడం వేరు దొరా. నా కాలికి తెలిసేది నా నోటికి తెలీదు."

"నోరు బాగానే లేస్తోందే. దాంతోనే చెప్పు."

మేళగాళ్లు నవ్వారు. గురివి అందరి వెనక్కీ వెళ్లి నిలబడింది.

రెడ్డి మీసం దువ్వి ముందు నడిచాడు.

"ఎడమకి దొరా." వినిపించింది.

"కుడికి దొరా." సగమే వినిపించింది.

గట్టు దగ్గరపడగానే మేళగాళ్లు డోళ్లు అందుకున్నారు. మూడో కేక వినిపించలేదు.

మోకాళ్లు, నడుము, రొమ్ము. ఇసుక రెడ్డిని మింగుతోంది. కన్నకొడుకు కూడా అడుగు ముందుకు వేయలేదు. గురివే పరుగెత్తుకొచ్చింది. కర్ర అడ్డం పడేసి, అతని చంకల కింద చేతులు వేసి లాగింది. ముట్టుకోకు అనబోయి రెడ్డి నోరు మూసుకున్నాడు. అతను బయటపడ్డాడు. ఆమె కాళ్ల కింద ఇసుక కుంగింది. ఆమెను ఏరు తీసుకుపోయింది.

ముహూర్తం దాటిపోతుందని పెళ్లి మాత్రం జరిపించారు.

రెడ్డి చాలా ఏళ్లు బతికాడు. కనిపించినవాళ్లనల్లా ఒకటే అడిగేవాడు: "ఆమె వెనక నడిస్తే నాకేం తరిగిపోయేదిరా?"

ఇప్పుడక్కడ వంతెన ఉంది. అయినా పెళ్లివారు ఏటి దగ్గర మేళం ఆపేస్తారు. ఎంతటి పెద్దమనిషైనా బండి దిగి, చెప్పులు చేతపట్టుకుని, కూలికొచ్చిన ఆడమనిషిని ముందు నడవమని, ఆమె వెనక నడుస్తాడు. మేళం ఎందుకు ఆపారని పిల్లలు అడిగితే, "గురివి మాట వినపడాలి కదమ్మా" అంటారు.

అందరూ చెవులు రిక్కిస్తారు. నీళ్ల చప్పుడే వినపడుతుంది.