దప్పిగొన్న ఇటుక

ఇల్లాలు పోయినాక కాశీంపీరాకు ఇంట్లో గోడలు తప్ప తోడు మిగల్లేదు. ఆ ఇంటికి తాళం వేసి, గుట్ట కింది దర్గాకు వచ్చి, అక్కడి ఖాదరయ్య సామికి శిష్యుడైనాడు. సామి మంచివాడే గానీ మాటల్లో మహా పొదుపరి. నమాజు, మౌనం, మళ్లీ నమాజు. ఇక కాశీంపీరా గోడు వినేదెవరు?

దొరికినవాళ్లంతా వినాల్సిందే! దర్గాలో మొక్కుల చదివింపులకు వచ్చినవాళ్ల చెయ్యి పట్టుకుని, పెళ్లానికి జబ్బు మొదలైన నాటి నుంచి మట్టి వేసిన దాకా చెప్పేవాడు. పాపం, వాళ్లూ కళ్లు తుడుచుకునేవాళ్లు. రెండోసారి వచ్చినప్పుడు మాత్రం దూరం నుంచే సలాం కొట్టి జారుకునేవాళ్లు. మేకల ఓబులేసు ఒక్కడే, మోకాలి నొప్పితో నిలబడలేకున్నా, అందరికంటే ఎక్కువ ఓర్చుకున్నాడు. చివరికి అతనూ మేకల్ని గుట్ట అవతలి దారికి మళ్లించాడు. ఆ రోజు కాశీంపీరాకు అన్నం సయించలేదు.

'ఇక్కడ కూర్చునేదానికి చోటు యాడుంది? అందుకే పోతాండారు. చోటుంటే ఎందుకు పోతారు?' అనుకున్నాడు. ఆశ అట్లాంటిది మరి!

దర్గాకు వంటగది కట్టిన మేస్త్రీ మిగిలిన తెల్ల ఇటుకల్ని వదిలేసి పోయాడు. మూర కంటే పొడుగుంటాయి గానీ ఎత్తితే బెండు, రంపం పెడితే కొయ్య. తోడు లేనివాడు ఒంటి చేత్తో చేసుకోగలిగిన పని. కాశీంపీరా వాటికి చుక్క తడి తగలకుండా పట్టా కప్పి, బంగారంలా దాచుకున్నాడు. కొలిచి, కోసి, సిమెంటు కలిపి, వేపచెట్టు కింద ఇద్దరు కూర్చునేంత అరుగు కట్టాడు.

అది ఆరినాక కూర్చుంటే ఊడింది. మళ్లీ కట్టాడు, మళ్లీ ఊడింది. సిమెంటంతా బూడిదలాగా పొడిపొడిగా రాలిపోయింది.

మూడోసారి కట్టబోతున్న పొద్దున సామి వచ్చి పట్టా తీసి, ఆ ఇటుకల మీదే చతికిలబడి, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ తీరిగ్గా చేసుకున్నాడు. నీళ్లన్నీ ఇటుకల పాలయ్యాయి.

"అయ్యో సామీ, నా ఇటుకలు!"

"తడిస్తే తడిసినాయిలే," అని సామి లేచిపోయాడు.

కాశీంపీరా లోలోపల గొణుక్కుంటూ, తడిసిన ఇటుకల్ని ఒక కొసకు, పొడివాటిని మిగతాదానికి పెట్టి కట్టాడు. బాగా ఆరనిచ్చి చేత్తో నెట్టి చూశాడు. పొడివి పొడిగానే ఊడొచ్చాయి. తడిసిన కొస మాత్రం కాలితో తన్నినా కదల్లేదు.

అక్కడే కూలబడ్డాడు.

"నేను పోతా సామీ. అరుగూ నిలబళ్లే, మనుషులూ నిలబళ్లే. ఆ ఇంటి గోడలతోనే మాట్లాడుకుంటా."

సామి చెంబుతో నీళ్లు తెచ్చి, ఊడిన ఇటుక మీద కొంచెం పోశాడు. గుటుక్కున ఇంకిపోయాయి. మళ్లీ పోశాడు. మళ్లీ ఇంకిపోయాయి.

"దీనికి దప్పిక నాయనా. సిమెంటు పెడితే, అంటుకునే లోపలే దాని తడంతా తాగేస్తాది."

"మరి సిమెంటు?"

"అదేం చేస్తాది పాపం! ఎండిపోయి, విడిచిపెట్టి పోతాది."

కాశీంపీరా తల తిప్పి గుట్ట వైపు చూశాడు. గుట్ట అవతల ఓబులేసు మేకల గంటలు వినబడుతున్నాయి.

సామి చెంబులో మిగిలిన నీళ్లు అతని చేతికిచ్చాడు. "తాగు." తర్వాత అతని పక్కనే నేల మీద కూర్చున్నాడు. "ఇప్పుడు చెప్పు. ఆ యమ్మ పేరేమి?"

ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. తనూ ఎవరికీ చెప్పలేదు. జబ్బు చెప్పాడు, ఆస్పత్రి చెప్పాడు, మట్టి చెప్పాడు, పేరు మాత్రం చెప్పలేదు.

"మాలంబీ," అన్నాడు. అని, బావురుమన్నాడు. ఆ రోజు సామి నమాజుకు తప్ప అక్కడి నుంచి లేవలేదు.

తర్వాత కాశీంపీరా ప్రతి ఇటుకకూ తడి పట్టించి అరుగు మళ్లీ కట్టుకున్నాడు. చాన్నాళ్లు దాని మీద ఒక్కడే కూర్చున్నాడు. ఇద్దరికని కట్టిన చోటు, పక్కన ఖాళీగా ఉంటే గుండె పిండేసేది.

ఒక సాయంత్రం తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ ఓబులేసు అటు రానే వచ్చాడు. కాశీంపీరాను చూసి అడుగు వెనక్కి వేశాడు. మాలంబీ మాట కాశీంపీరా నాలుక కొసదాకా వచ్చింది.

"ఏమప్పా ఓబులేసూ, నీ మోకాలి నొప్పి ఎట్లుండాది?"

ఓబులేసు వెనక్కి వేసిన అడుగు ముందుకు వేశాడు. తర్వాత చేతికర్ర చెట్టుకు ఆనించి, అరుగు ఆ కొసన కూర్చున్నాడు.

"ఏం చెప్పమంటావులే కాశీమన్నా..." అని మొదలుపెట్టాడు.

పొద్దు గుంకేదాకా చెప్పాడు. అరుగు కదల్లేదు, కాశీంపీరా కూడా.