తిప్పక్క వేయించని గింజలు

ఏ కాలం మాటో ఎవరికీ తెలీదు. వాళ్ళవ్వ చెప్పగా మా అవ్వ వింది, మా అవ్వ చెప్పగా నేను విన్నాను. గుట్టల నడుమ ఒక పల్లె. ఆ పల్లెలో తిప్పక్క అని ఒకామె.

తిప్పక్కది గింజలు వేయించే పని. ఇంటి ముందు పొయ్యి, పొయ్యి మీద మంగలం, మంగలంలో కాగే ఇసుక. ఊళ్ళోవాళ్ళు జొన్నలు తెస్తే పేలాలు చేసిచ్చేది. శనగలు తెస్తే వేయించి ఇచ్చేది. కూలి కింద గుప్పెడు గింజలు తీసుకునేది. పిల్లలు చిన్నగా ఉండగానే మొగుడు పోయాడు. ఆ గుప్పెళ్ళతోనే ముగ్గురు పిల్లల్ని సాకింది. వాళ్ళ కడుపు నిండాకే తను తినేది.

ఒక ఏడు వాన రాలేదు. మరుసటేడూ రాలేదు. మూడో ఏడూ రాలేదు. బావులు ఎండాయి, గొడ్లు పోయాయి, గాదెలు ఖాళీ అయ్యాయి. ఇళ్ళల్లో మిగిలింది విత్తనాల కుండ ఒక్కటే.

అప్పుడు ఈరన్న అనే రైతు ఒక మూట పట్టుకొని వచ్చాడు.

"అక్కా, వేంచి ఇయ్యి. పిల్లోల్లు ఏడుస్తాండారు."

తిప్పక్క మూట విప్పి చూసింది. ఏరి దాచిన పెద్ద జొన్నలు.

"ఇవి విత్తనాలు కదా ఈరన్నా? ఇవి తినేస్తే, వాన పడినప్పుడు ఏం చల్లుతావు?"

"వాన పడేదాకా బతికుంటే కదా! నీకెందుకు? నీ గుప్పెడు నువ్వు తీసుకో."

ఆ రోజు తిప్పక్క ఇంట్లోనూ గింజ లేదు. ఆ గుప్పెడు తీసుకుంటే పిల్లలకు ఒక పూట గడుస్తుంది. అయినా తల అడ్డంగా ఊపింది.

"వేయించను నాయనా. చింతపిక్కలు ఏరుకొని రా, ఊరికే వేంచిస్తా. దంచి గంజి కాచుకుందాం. ఈ మూట ఇంట్లో ఉంటే నీ చెయ్యి ఊరుకోదు. నా దగ్గర పెట్టి పో."

ఈరన్న నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్టి తిట్టి అలిసిపోయాడు. మూట అక్కడే పెట్టి పోయాడు.

తర్వాత గంగవ్వ అనే ముసలామె కొర్రలు తెచ్చింది. "మనవడికమ్మా" అంది.

"ఇవి తినేస్తే, వాన పడినప్పుడు ఏం చల్లుతావు అవ్వా?"

గంగవ్వ తిట్టలేదు. కూర్చుని ఏడ్చింది. ఏడ్చి, ఆమె కూడా మూట పెట్టి పోయింది.

అలా ఒకరి వెనక ఒకరు, ఊరి విత్తనాలన్నీ తిప్పక్క ఇంటికి చేరాయి. ఎవరి గింజలు వాళ్ళ కుండలో పోసి, పురుగు పట్టకుండా పొయ్యి బూడిద కలిపి మూత పెట్టింది. రోజంతా చింతపిక్కలు వేయించేది. ఊరంతా ఆ వగరు గంజే తాగింది.

తిప్పక్క చిన్నకొడుకు భీముడికి ఆ గంజి పడలేదు. తాగినదంతా కక్కేవాడు. ఒకనాడు తిప్పక్క చింతపిక్కలు ఏరుకొని ఇంటికొచ్చేసరికి, పెద్దకూతురు సుంకమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. మంగలంలో జొన్నలు చిటపటమంటున్నాయి.

"అమ్మా, తమ్ముడు కళ్ళు తెరవడం లేదు. గుప్పెడే తీసినా."

తిప్పక్క పొయ్యి దగ్గరికి ఉరికింది. వట్టి చెయ్యి ఇసుకలో పెట్టి గింజలు దేవింది. సుంకమ్మ కెవ్వుమంది. ఆ కేకకు ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చారు, ఈరన్న కూడా వచ్చాడు. తిప్పక్క ఒళ్ళో పిల్లవాడు. అరచెయ్యి బొబ్బలెక్కింది. ఆ చేతిలో సగం పేలిన జొన్నలు.

"ఈరన్నా, నీ గింజలు కొన్ని పోయినాయి నాయనా," అంది. అప్పటిదాకా ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చింది.

ఈరన్న గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఇంటికి పోయి, మిగిలిన ఒక్క మేకను పిండుకొని వచ్చాడు.

"పిల్లోనికి తాపక్కా."

ఆ రోజూ తెచ్చాడు, మర్నాడూ తెచ్చాడు, భీముడు లేచి ఆడుకునేదాకా తెచ్చాడు.

వాన పడింది. గుట్టల మీద పడింది, వంకల్లో పడింది, చేలల్లో పడింది. తిప్పక్క ఎవరి కుండ వాళ్ళకిచ్చింది. చుట్టుపక్కల పల్లెల్లో చల్లడానికి గింజ లేదు. ఈ ఊరు మాత్రం పచ్చబడింది. పంట చేతికొచ్చాక అందరూ గంపలకు గంపలు మోసుకొచ్చారు.

"ఇవన్నీ నాకెందుకు? వేయించడానికి తెచ్చినవైతే ఇటు పోయండి," అంది తిప్పక్క. ఎప్పటిలాగే గుప్పెడు తీసుకుంది. కాలిన కుడిచెయ్యి ముడుచుకోవడం మానేసింది కాబట్టి, ఎడమచేత్తో తీసుకుంది.

ఆ తర్వాత చాలా కాలం బతికింది. పిల్లల పెళ్ళిళ్ళు చేసింది, మనవళ్ళ పిల్లల్నీ ఎత్తుకుంది. "ఇంక చాలించమ్మా" అని భీముడంటే, "పొయ్యి ముందు కూర్చోకపోతే నాకు పొద్దుపోదురా" అనేది. ఒక చలికాలం పొద్దున, పొయ్యి ముందే గోడకు ఆనుకొని కన్నుమూసింది.

ఊళ్ళో ఆడవాళ్ళు ఆ పొయ్యిలోని బూడిద తలా కొంచెం కొంగున కట్టుకొని పోయి, విత్తనాల కుండల్లో కలుపుకున్నారు. ఇప్పటికీ ఆ చుట్టుపక్కల పల్లెల్లో కుండకు మూత పెట్టేముందు బూడిద కలిపి, పైన అరచెయ్యి ఆనించి, "తిప్పక్క చెయ్యి అడ్డం" అంటారు. ఎంత కరువొచ్చినా, ఆ మాట అన్న కుండను మళ్ళీ వాన పడేదాకా ఎవరూ తెరవరు.