పగడపు రవికె

అనగనగా ఒక రాజ్యం, ఆ రాజ్యానికో రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తి పడితే ఎదురు లేదు. రెండోవాడు గుర్రమెక్కితే గాలికి కూడా అందడు. మూడోవాడు హంసకేతుడు మాత్రం నాయనమ్మ పక్కన కూర్చుని బొంతలు కుట్టేవాడు. "మా తమ్ముడు యుద్ధానికి సూది తీసుకెళ్తాడు" అని అన్నలు నవ్వేవాళ్లు. నవ్వనీండి, నవ్విన నాపచేనే పండుతుంది.

పక్క రాజ్యపు రాకుమారి సౌగంధి అంటే హంసకేతుడికి ప్రాణం. ఆమెకూ అంతే. ఇంతలో ఏడు సముద్రాల అవతలి నుంచి ధూమ్రకేశుడనే మాంత్రికుడు వచ్చి, తనను పెళ్లాడమని సౌగంధిని అడిగాడు. ఆమె కాదంది. వాడు ఊరుకుంటాడా? శాపం పెట్టి పోయాడు. అప్పటినుంచి సౌగంధి ఒంట్లో రంగు రోజురోజుకీ ఇంకిపోసాగింది. పెదవులు తెల్లబడ్డాయి, గోళ్లు తెల్లబడ్డాయి. కళ్లలో నలుపు కూడా పోతే ఇక ప్రాణం నిలవదు.

"మాంత్రికుడి ఇంట్లో ఉన్న పగడపు రంగు బట్టతో రవికె కుట్టి తొడిగితే బతుకుతుంది" అన్నాడు రాజగురువు. "కానీ ఉతికినప్పుడు ఆ రంగు వదిలిందంటే, ప్రాణమూ వదిలిపోతుంది."

పెద్దన్న వెళ్లాడు. మాంత్రికుడు దీపం ముందు మూడు బట్టలు పరిచాడు. "ఒకటి తీసుకో. తప్పు తీశావా, రాయివైపోతావు" అన్నాడు. పెద్దన్న తళతళలాడే పట్టు తీశాడు. గుమ్మం దాటి ఎండలో చూస్తే అది ఇటుక రంగు. అక్కడే రాయైపోయాడు.

రెండో అన్న వెళ్లాడు. బట్టలను ఎండలోకి తెచ్చి చూసి, అచ్చం పగడంలా ఉన్నది తీశాడు. ఒడ్డుకు రాగానే అల కొట్టి బట్ట తడిసింది, నీళ్లు ఎర్రబడ్డాయి. అతనూ రాయైపోయాడు.

మూడోవాడు సూదీ దారం, కత్తెర, గుప్పెడు కుంకుడుకాయలు మూటగట్టుకుని బయల్దేరాడు. ఒడ్డున ముసలి తాబేలు ఎదురొచ్చింది.

"ఎక్కు నాయనా, మీ అన్నలను మోసిన వీపే ఇది" అంది.

ఒక సముద్రం దాటింది, రెండు సముద్రాలు దాటింది, ఏడు సముద్రాలూ దాటింది. దిగేటప్పుడు మెల్లగా చెప్పింది. "వాడి ప్రాణం పెరట్లోని చిలకలో ఉంది. దాని మెడ విరిచావంటే మీ అన్నలు లేచొస్తారు."

మాంత్రికుడు మళ్లీ మూడు బట్టలు పరిచాడు. హంసకేతుడు వాటిని ఎండలోకి తెచ్చాడు. ఒకటి ఇటుక రంగుకు తిరిగింది, పక్కన పెట్టేశాడు. తన తెల్లటి ఉత్తరీయం కొంగు తడిపి రెండోదాని మీద రుద్దాడు. కొంగు ఎర్రబడింది. మూడోదానికి మెరుపూ లేదు, మెత్తదనమూ లేదు. రెండో కొంగు తడిపి ఎంత రుద్దినా అది మాత్రం తెల్లగానే ఉంది.

"ఇదే" అన్నాడు.

"ఆ ముతక నూలుబట్టా? రాకుమారికా?"

"నాలుగు ఉతుకులు పడితే అదే మెత్తబడుతుందయ్యా."

హంసకేతుడు రాయి కాలేదు. మాంత్రికుడు పళ్లు కొరికాడు కానీ, మాట మాటే.

చేతికొచ్చింది కదా అని హంసకేతుడు వెంటనే కత్తెర పెట్టలేదు. కొత్తబట్టను తడపకుండా కుడితే తర్వాత కుదించుకుపోతుందని నాయనమ్మ చెప్పేది. బట్టను ఉప్పునీళ్లలో నానబెట్టి, పిండకుండా పెరట్లో నీడపట్టున ఆరేశాడు. ఆరాక చూస్తే జానెడు తగ్గింది. మోచేతుల దాకా చేతులున్న ఒక రవికెకు సరిగ్గా సరిపోతుంది, గుడ్డపీలిక కూడా మిగలదు.

అప్పుడు కనిపించింది పంజరంలో చిలక. ఎగిరిపోకుండా మాంత్రికుడు దాని ఈకలన్నీ పీకేశాడు. పాపం, గజగజ వణుకుతోంది.

"తొందరగా కానీ బాబూ" అంది చిలక. "నా మెడ విరవడానికేగా వచ్చావు."

హంసకేతుడు దాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. ఇంత చిన్న ప్రాణాన్ని తీయడానికి అతనికి చేతులు రాలేదు. అన్నలు గుర్తొచ్చారు, కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా మెడ విరవలేదు. చేతులు భుజాల దగ్గరికి కురచ చేసి రవికె కుట్టి, మిగిలిన ముక్కతో చిలకకు చిన్న చొక్కా కుట్టి తొడిగాడు.

చిలక వణుకు ఆగింది. అదే క్షణంలో ఇంట్లోంచి మాంత్రికుడు బయటికొచ్చాడు. వాడి మొహంలో కోపం లేదు.

"పుట్టి బుద్ధెరిగాక నాకు ఇంత వెచ్చగా ఎప్పుడూ లేదు" అని అరుగు మీద కూలబడి ఏడ్చాడు. ప్రాణాన్ని చలికి వదిలేసి, లోకం మీద కోపం పెంచుకున్న మూర్ఖుడు! రాళ్ల మీద చెయ్యి వేసి అన్నలను లేపాడు. "రాకుమారి శాపం తీసే విద్య మాత్రం నాకు రాదు. ఆ రవికే దిక్కు" అన్నాడు.

హంసకేతుడు ఏడు సముద్రాలూ దాటి వచ్చేసరికి సౌగంధి కళ్లలో నలుపు ఆవగింజంత మిగిలింది. రవికె తొడిగారు. పెదవులు ఎర్రబడ్డాయి, బుగ్గలు ఎర్రబడ్డాయి, కళ్లు నల్లబడ్డాయి. రవికె చాలని చేతులు మాత్రం తెల్లగానే ఉండిపోయాయి. చిలక సంగతి విని సౌగంధి తన చేతులు చూసుకుంది.

"దానికి చలి తగ్గిందా?" అని అడిగింది.

తొడుక్కున్న బట్టను ఎన్నాళ్లని ఉతక్కుండా ఉంటారు? రాకుమారి తండ్రి భయపడి వద్దన్నాడు. హంసకేతుడు తానే కుంకుడు నురగ తీసి, రవికెను లోపలివైపు పైకి తిప్పి, పసిబిడ్డకు నీళ్లు పోసినట్టు మెల్లగా ఉతికాడు. సౌగంధి పక్కనే కూర్చుని అతని భుజం పట్టుకుంది. అందరూ నీళ్లకేసి చూశారు. నీళ్లు తేటగానే ఉన్నాయి.

పెళ్లి కుదిరింది. పెళ్లికూతురి తెల్లటి చేతులకు ముత్తయిదువలు ఎంత గోరింటాకు పెట్టినా పండలేదు. పీటల మీద హంసకేతుడు ఆ చేతినే పట్టుకున్నాడు.

వాళ్లు చాలాకాలం చల్లగా రాజ్యమేలారు. ఇంటినిండా దాసీలున్నారు, ఊరినిండా చాకళ్లున్నారు. అయినా రాజుగారు ముసలివాడై, సూదిలో దారం ఎక్కించలేనంతగా చూపు తగ్గాక కూడా, ఆ రవికె ఉతికే పని ఇంకొకరి చేతికివ్వలేదు.