చిలకను ఓటడిగిన మాజీ రాణి

అనగనగా ఒక రాజు లేడు. ఉంటే చెప్పనా? ఉన్నది రాణి. ఆవిడ కూడా రాజుగారింట పుట్టి రాణి కాలేదు, జనం ఓట్లేస్తే అయింది. నమ్మనివాళ్ళు అటు తిరిగి పడుకోండి. నమ్మేవాళ్ళు ఊఁ కొట్టండి.

ఏడు చీకటి సముద్రాలకు ఇవతల, ఆకాశంలో ఓ మూల, చిరుచుక్క అని ఒక బుల్లి లోకం ఉండేది. బుల్లి లోకానికి ఒక బుల్లి సూర్యుడు. ఆ లోకంలో రాణి కావాలంటే కత్తి తిప్పక్కర్లేదు, గుర్రం ఎక్కక్కర్లేదు. ఇంటింటికీ వెళ్ళి గడప మీద కూర్చోవాలి. మన ఇళ్ళలో గడప మీద కూర్చుంటే అమ్మమ్మలు నెత్తిన మొట్టుతారు. అక్కడ ఓటడిగే పద్ధతే అది. కూర్చుని, "మీకేం కష్టం?" అని ఒక్క మాట అడగాలి. ఇక ఆ ఇంటివాళ్ళు చెప్పి చెప్పి అలిసిపోయేదాకా వినాలి. అదిస్తాను, ఇదిస్తాను అన్నవాళ్ళకు ఓటు పడదు. "చూద్దాంలెండి" అన్నా పడదు.

అలా విని విని రాణి అయిన పిల్ల పున్నాగ. ముఖం మీద మొటిమలైనా తగ్గని వయసు. అయినా మూడేళ్ళు చక్కగా ఏలింది. గడువు తీరి ఇంకో వారంలో దిగిపోతుందనగా, పట్టపగలు సూర్యుడికి గ్రహణం పట్టింది.

గ్రహణమంటే ఏం చేస్తారు? జనమంతా తలుపులు బిడాయించుకున్నారు. ఆవకాయ జాడీల మీద దర్భలు వేశారు. పొయ్యిలు ఆర్పేసి, విడిచాక స్నానం చేద్దామని కూర్చున్నారు. కూర్చున్నారు, కూర్చున్నారు, ఆకలికి కళ్ళు తిరిగేదాకా కూర్చున్నారు. అది విడిస్తే కదా! చివరికి ఎవరో ఓపిక నశించి తలుపు తీసి చూస్తే, గ్రహణమూ లేదు, సూర్యుడూ లేడు. వక్రకేతుడనే మాంత్రికుడు సూర్యుణ్ణి గోనెసంచిలో వేసి, తాపీగా మూతి కట్టి, భుజాన వేసుకుపోయాడు. ఒక్కరు బయటికొచ్చి గట్టిగా కేకేసినా సంచీ వదిలేసి పారిపోయేవాడు.

ఎందుకు ఎత్తుకుపోయాడంటారా? స్నానానికి వేణ్ణీళ్ళు కాచుకోవడానికి!

పున్నాగకు ఏడుపు ఆగలేదు. లోకం చలికి కొంకర్లు పోతోంది. ఉన్న కట్టెలు అయిపోతే చిరుచుక్క మంచుముద్దే. అందులోనూ తను రాణిగా ఉండగా పోయాడు సూర్యుడు! వారం తిరిగి గద్దె దిగగానే, కొత్తగా గెలిచిన రాణి కుందనిక ఆమెను దగ్గరికి పిలిచింది.

"అక్కా, నేను లోకం దాటి వెళ్ళకూడదు. నువ్వెలాగూ ఇప్పుడు ఖాళీయే కదా. అన్ని లోకాలవాళ్ళూ కూర్చునే తారాసభకు మన తరఫున సభ్యురాలిగా వెళ్ళి, మన సూర్యుణ్ణి ఇమ్మని అడిగి తీసుకురా."

"అడిగితే ఆ మాంత్రికుడు ఇస్తాడా?" అంది పున్నాగ ముక్కు తుడుచుకుంటూ.

"అడగందే అమ్మయినా పెట్టదు," అంది కుందనిక.

సరే, పున్నాగ బయల్దేరింది. చీకటి సముద్రాల్లో ఈదే తాబేలు తాత ఒకడున్నాడు, ఇల్లంత తాబేలు. అతని వీపెక్కి కూర్చుంది. ఒక సముద్రం దాటారు, తాబేలు తాత తన చిన్నతనం చెప్పాడు. రెండో సముద్రం దాటారు, పెళ్ళి సంగతి చెప్పాడు. మూడోది, నాలుగోది, ఐదోది, ఆరోది, కోడళ్ళ సంగతి చెప్పాడు. ఏడోది దాటేసరికి తారాసభ కనబడింది.

"జాగ్రత్త తల్లీ," అన్నాడు తాత. "ఆ సభకు అధ్యక్షుడు వక్రకేతుడే, గంట కొట్టడమే గానీ ఓటు లేదు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. తెలిసినవాళ్ళు మెడ విరిచేస్తారని ఆ చిలకను కూడా సభ్యురాల్ని చేసేశాడు. సభ్యుల ఒంటి మీద చెయ్యి వేసినవాళ్ళు రాతి స్తంభాలైపోవాలని మంత్రం పెట్టాడు. ముగ్గురు రాకుమారులు కత్తులు దూసుకుని వచ్చారు. ఇప్పుడు సభ కప్పు మోస్తున్నారు."

పున్నాగ లోపలికి వెళ్ళి దండం పెట్టింది. వక్రకేతుడు శాలువా కప్పుకుని, ముక్కు చీదుతూ, గడ్డం లోపల నవ్వాడు.

"సూర్యుడా? దాందేముంది, తప్పకుండా ఇస్తాం. మూడే మూడు పనులు. ఒకటి, సభలో ఆసనం సంపాదించు. రెండు, మాట్లాడే వంతు సంపాదించు. మూడు, అందరిచేతా సమ్మతం అనిపించు. ఒక్కరు కాదన్నా కుదరదు. నియమం నియమమే!"

చూస్తే ఒక్క ఆసనమూ ఖాళీ లేదు. సభ్యులు వాటికి అతుక్కుపోయి ఉన్నారు. కొందరికైతే నాచు కూడా పట్టింది. పాపం, పున్నాగకు తోచలేదు. తోచనప్పుడు వాళ్ళ ఊరివాళ్ళు ఏం చేస్తారో అదే చేసింది. పోయి సభ గడప మీద చతికిలబడింది.

మధ్యాహ్నం భోజనం గంట కొట్టారు. సభ్యులంతా ఒక్క ఉరుకున లేచి గుమ్మం దగ్గర ఆగిపోయారు. గడప మీద మనిషి! మనిషిని దాటితే మహాపాపం, మళ్ళీ వెనక్కి దాటితే గానీ పోదు.

"లేమ్మా, పులుసు చల్లారిపోతోంది," అన్నాడు ఒకడు.

"లేచి ఎక్కడ కూర్చోనండీ?" అంది పున్నాగ. నిజంగా తెలియకే అడిగింది.

రెండు నిమిషాల్లో ఎక్కణ్ణుంచో ఒక పీట ఊడిపడింది. మొదటి పని అయింది.

ఇక వంతు. తారాసభలో అందరూ ఒక్కసారే మాట్లాడతారు. వినేవాడు ఒక్కడూ లేడు. ఎవరి గోల వారిది. పున్నాగ అరవబోయి గొంతు పోగొట్టుకుంది. గొంతు పోయాక చేసేదేముంది? పక్కనున్న ఐదు తలల పెద్దాయన వైపు తిరిగి, "మీకేం కష్టం?" అని గుసగుసలాడింది.

ఐదు తలలూ నిర్ఘాంతపోయాయి. తర్వాత ఐదూ ఏడ్చాయి. వాళ్ళ చందమామను వక్రకేతుడు దిండు కింద పెట్టుకున్నాడట. వెనక వరసలో తోకచుక్కల రాణమ్మ తోకనేమో పక్క దులిపే కుంచెగా వాడుకుంటున్నాడట. ఇలా ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ఒకరు చెబుతుంటే పక్కవాళ్ళు చెవి ఒగ్గారు. ఇదేం విడ్డూరం, అందరిదీ ఒకే కష్టమా అనుకున్నారు. ఆ వరసలో పున్నాగ వంతు వచ్చేసరికి సభంతా సూది పడితే వినిపించేలా ఉంది. రెండో పనీ అయింది.

"మా సూర్యుణ్ణి మాకు ఇప్పించండి," అంది పున్నాగ.

"సమ్మతం!" అన్నారు అందరూ.

"వీల్లేదు!" అంది చిలక, బంగారు పంజరంలోంచి.

వక్రకేతుడు గంట కొట్టేశాడు. మర్నాడు మళ్ళీ అడిగింది. అందరూ సమ్మతం, చిలక వీల్లేదు. ఆ మర్నాడూ అంతే. ఇంతలో దారిన పోయే కొంగ ఒకటి కబురు తెచ్చింది. చిరుచుక్కలో కట్టెలు అయిపోయాయట. తలుపులు విరగ్గొట్టి పొయ్యిలో పెడుతున్నారట. తర్వాత ఉయ్యాలల వంతట.

తాబేలు తాత చాటుగా ఒక పచ్చిమిరపకాయ చేతిలో పెట్టాడు. "ఇది చూపించు తల్లీ. ఏ చిలకైనా దీనికి పడి చస్తుంది. ఓటు వేస్తే ఇస్తానను."

పున్నాగ ఆ మిరపకాయను చాలాసేపు చూసింది. ఇచ్చేద్దామనే అనిపించింది. ఎవరు చూస్తారు, ఎవరడుగుతారు? కానీ ఓటుకు ఎర వేస్తే వాళ్ళ ఊళ్ళో వీధి కుక్క కూడా మొహం చూడదు. మిరపకాయ తాతకు తిరిగి ఇచ్చేసి, వెళ్ళి పంజరం తలుపు ముందు కూర్చుంది.

"చిలకమ్మగారూ, మీకేం కష్టం?"

"వీల్లేదు," అంది చిలక అలవాటుగా. తర్వాత తల పక్కకు వంచింది. "ఏమన్నావ్? గారూ అన్నావా?"

"అన్నానండి."

ఇక చూసుకోండి! "ఏం చెప్పమంటావమ్మా! వాడి ప్రాణం నాలో పెట్టిన దగ్గర్నుంచి నా బతుకు నాది కాదు. మిరపకాయ కొరికితే వాడికి కడుపులో మంట. జామకాయ తింటే వాడికి జలుబు. రోజూ చప్పిడి జావే! గట్టిగా అరవకూడదు, వాడికి గుండెదడ. రెక్క విప్పకూడదు, వాడికి కళ్ళు తిరుగుతాయి. నేను చిలకను తల్లీ. ఎగరడం ఎలా ఉంటుందో నాకు తెలియదు." అని చెప్పి చెప్పి చిలక బావురుమంది. పున్నాగకు తన లోకం కష్టం గుర్తుండగానే ఈ పిట్ట కష్టానికీ కళ్ళనీళ్ళు వచ్చాయి.

"మరి పంజరం తలుపు తియ్యమని సభలో అడగలేదా?"

"నేనా? నన్ను వీల్లేదనడానికి కదా పెట్టారు!"

"మీరూ సభ్యురాలే కదండీ. మాకున్న నోరే మీకూ ఉంది."

పున్నాగ ఓటు మాట ఎత్తకుండా లేచింది. విన్నాక లేచి రావడమే వాళ్ళ పద్ధతి.

మర్నాడు సభ మొదలవగానే చిలక గొంతు సవరించుకుంది. "నాదొక మనవి. నా పంజరం తలుపు తియ్యాలి."

"సమ్మతం!" అంది సభంతా.

"సమ్మతం!" అంది చిలక కూడా.

"నేనొప్పుకోను!" అని లేచాడు వక్రకేతుడు.

"అధ్యక్షా, మీకు ఓటు లేదు. నియమం నియమమే!" అన్నాయి ఐదు తలలూ. చిలకను పట్టుకుందామా అంటే, చెయ్యి వేసినవాడు స్తంభం. తన మంత్రం తనకే చుట్టుకుంది. బంట్రోతు వచ్చి తలుపు తీశాడు.

చిలక మొదట గడప దాటడానికి భయపడింది. తర్వాత రెక్కలు విప్పింది. మనిషెత్తు ఎగిరేసరికి వక్రకేతుడికి తల తిరిగింది.

"దిగవే తల్లీ!"

"ముందు చిరుచుక్క సూర్యుణ్ణి వదులు." వదిలాడు.

తాటిచెట్టెత్తు ఎగిరింది. వక్రకేతుడికి ఒళ్ళంతా చెమటలు.

"దిగవే అమ్మా!"

"అందరి చందమామలూ, తోకలూ వదులు." వదిలాడు.

సభ కప్పు దాకా ఎగిరి, సరదాగా మూడు పల్టీలు కొట్టింది. చిలకకు చెలగాటం, మాంత్రికుడికి ప్రాణసంకటం!

"దిగవే నా బంగారూ!"

"ఆ రాతి మంత్రం తీసేసి, స్తంభాల్ని మనుషుల్ని చెయ్యి." చేశాడు. ముగ్గురు రాకుమారులు ఒళ్ళు విరుచుకుని దిగొచ్చారు. సభ కప్పు ఒక పక్కకు ఒరిగింది గానీ అప్పుడెవరూ పట్టించుకోలేదు.

అలిసిపోయిన చిలక వచ్చి పున్నాగ భుజం మీద వాలింది. పెద్ద రాకుమారుడు సర్రున కత్తి దూశాడు. "పక్కకు జరుగు! దాని మెడ నరికితే మాంత్రికుడి పీడ విరగడవుతుంది!"

పున్నాగ చిలకను పమిటలో దాచేసుకుంది. "ఈవిడ కష్టం నేను విన్నాను. నరకాలంటే ముందు నన్ను నరుకు."

చిన్న రాకుమారుడు అన్నగారి చేతిలోంచి కత్తి తీసుకుని ఒరలో పెట్టేశాడు. అతని పేరు జయంతసేనుడు. పంజరం పక్క స్తంభం అతనే. "ఇన్నేళ్ళూ ఇక్కడ నిలబడి మాటలన్నీ విన్నాను. మారు మాట్లాడకుండా వినేవాళ్ళను మాత్రం నిన్ననే చూశాను. నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అన్నాడు.

"మా ఊళ్ళో మాజీ రాణి మొగుడికి రాజ్యం రాదు. నీళ్ళు తోడే పని వస్తుంది," అంది పున్నాగ.

"ఇన్నేళ్ళు కప్పు మోశాను. కడవ మొయ్యలేనా?" అన్నాడు.

ఆ పూటే సభ్యులంతా ఓట్లేసి చిలకమ్మను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. ఆవిడ ఎంత కాలం ఏలిందంటే, చెప్పడానికి నాకు ఆయుష్షు చాలదు. ఏలినంత కాలమూ వక్రకేతుడు దగ్గరుండి సేవ చేశాడు. ఆవిడకు తుమ్ము వస్తే ముందు వాడు కషాయం కాచేవాడు. ఆవిడ మిరపకాయ కొరికితే వాడు మజ్జిగ తాగేవాడు. అంత శ్రద్ధగా చూసుకునే మంత్రి ఏ రాజుకైనా దొరికాడా?

సూర్యుడికి సంచీలో ఉండి ఉండి దారి మరుపొచ్చింది. తాబేలు తాత వీపు మీదే తెచ్చారు. తాత ఏడు సముద్రాలూ "అబ్బా, కాలుతోందర్రా" అంటూనే ఈదాడు.

చిరుచుక్కలో తెల్లవారింది. పున్నాగ ఊరి చివర నిలబడి, జనం పరుగెత్తుకొస్తారని చూసింది. పరుగెత్తుకొచ్చారు. కానీ ఆమె వైపు కాదు. చంటిపిల్లల్ని ఎండలో పడుకోబెట్టారు. తడి బట్టలు దండేలకెక్కించారు. కనబడిన ప్రతి చోటా చాపలు పరిచి వడియాలు పెట్టారు. పెళ్ళిపందిరి వేద్దామంటే చిరుచుక్క మొత్తం మీద జానెడు నేల ఖాళీ లేదు. ఆ పెళ్ళి తాబేలు తాత వీపు మీదే జరిగింది.

"అంత కష్టపడి వచ్చావు. ఒక్కరైనా పలకరించలేదే అక్కా," అని నొచ్చుకుంది కుందనిక.

పున్నాగ ఎండలో పడుకుని కాళ్ళాడిస్తున్న ఒక చంటిదాన్ని చూస్తోంది. "పోనీలే చెల్లీ," అంది, "ఎవరికీ ఏ కష్టమూ గుర్తున్నట్టు లేదు."

కథ చుక్కల్లోకి, మనం పక్కల్లోకి.