ముప్పై ఒకటో పేజీ

కన్నమ్మ టీచర్ కంప్యూటర్ ముప్పై ఒకటో పేజీ దగ్గర ఆగిపోతోంది. ముప్పై దాకా బుద్ధిగానే నడుస్తుంది. ముప్పై ఒకటి తెరిచిన కాసేపటికి తెర నిండా అడ్డగీతలు పడతాయి. బొమ్మ ముక్కలు ముక్కలై పక్కకు జరుగుతుంది. ఆ తర్వాత మౌస్ బాణం కూడా ఎక్కడిదక్కడ బిగుసుకుపోతుంది. ఇక ఏ మీట నొక్కినా ఉలకదు, పలకదు. ఆపేసి మళ్ళీ లేపాల్సిందే.

రెండు రోజులుగా హైమావతి దానితో కుస్తీ పడుతోంది.

భద్రాచలంలో యాకూబ్ గారి రిపేరు కొట్టంటే తెలియనివాళ్ళు తక్కువ. ఒకప్పుడు అక్కడ రేడియోలు, తర్వాత టీవీలు, ఇప్పుడు కంప్యూటర్లు. సామాను మారింది గానీ ఆయన కూర్చునే స్టూలు మారలేదు. పని నేర్పినవాణ్ణి ఉస్తాద్ అనడం ఆ వీధి రివాజు కాబట్టి, పని నేర్చుకోనివాళ్ళు కూడా ఆయన్ని ఉస్తాద్ అనే పిలుస్తారు. హైమావతి పాలిటెక్నిక్ చదివి నాలుగేళ్ళుగా ఆయన దగ్గర చేస్తోంది. చేతివేగం ఉన్న పిల్ల. ఆ సంగతి తనకీ బాగా తెలుసు, చిక్కల్లా అక్కడే.

కన్నమ్మ టీచర్‌ది చర్ల అవతల అడవిలో ఓ గూడెం. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలు బడికొచ్చి తెలుగు వాచకం చూసి బిక్కమొహం వేస్తున్నారని, వాళ్ళ మాటల్లోనే ఒక బొమ్మల పుస్తకం తయారుచేస్తోంది. తన ఇంటి కంప్యూటర్ మీదే, పదిహేనేళ్ళ నాటి దాని మీదే. ఆ బొమ్మలు గీసే పాత ప్రోగ్రాం కొత్త కంప్యూటర్లలో నడవదు. మొత్తం అరవై పేజీలు. ముప్పై ఒకటో పేజీలో ఇప్పపూలు ఏరుతున్న ఆడవాళ్ళ బొమ్మ ఉంది. అన్నిటికంటే ఎక్కువ రంగులు పడింది దానికే.

బడులు తెరిచేలోగా పుస్తకం అచ్చుకు పోవాలి. ఇంకా పన్నెండు రోజులుంది. గూడెంలో కంప్యూటర్ బాగుచేసే నాథుడు లేడు. బస్సు దిగితే ఆటో, ఆటో దిగితే వాగు, వాగు దాటితే నడక. ఆ దారంతా కంప్యూటర్ డబ్బాను ఒళ్ళో ఒకసారి, నెత్తిన ఒకసారి పెట్టుకుని తెచ్చింది పాపం. చెల్లెలి ఇంట్లో ఉంటూ రోజూ పొద్దున్నే కొట్టుకొచ్చి బల్ల మీద కూర్చుంటోంది.

మొదటి రోజే హైమావతి తీర్పు చెప్పేసింది. "గ్రాఫిక్స్ కార్డు పోయింది టీచర్. బొమ్మ చెడిందంటే బొమ్మల కార్డే."

"కచ్చితంగా అదేనా అమ్మాయ్?"

"ఇంకేం ఉంటుంది?"

కొట్టులో అలాంటి కార్డు లేదు. ఖమ్మం నుంచి తెప్పించాలి. ఈలోగా దుమ్ము దులిపింది, చిప్పు మీద వేడి లాగే పేస్టు మార్చి పూసింది, కార్డు తాలూకు సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించింది. ఒక్కటీ పనిచేయలేదు. మూడో రోజు పొద్దున బస్సులో కార్డు దిగింది. హైమావతి దాన్ని పెట్టింది. పెట్టినమ్మ ఊరుకోవచ్చుగా? ఎందుకైనా మంచిదని ర్యామ్ మార్చింది. ఎందుకైనా మంచిదని కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా మార్చింది. తెరకు వెళ్ళే కేబుల్ కూడా మార్చింది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడి, తీసినవన్నీ మూలనున్న తుక్కు డబ్బాలో విసిరేసి, అప్పుడు మీట నొక్కింది.

ముప్పై ఒకటో పేజీ తెరుచుకుంది. పావుగంటైనా అలాగే ఉంది. ఇప్పపూలు ఏరే ఆడవాళ్ళు ఒక్క గీత లేకుండా నవ్వుతున్నారు.

"బతికించావమ్మాయ్," అంది కన్నమ్మ టీచర్. అప్పుడే సంచీలో బట్టలు సర్దుకుంటోంది. నాలుగింటికి బస్సు.

హైమావతికి ఒళ్ళంతా తేలికైపోయింది. సరిగ్గా అప్పుడే నమాజు ముగించుకుని ఉస్తాద్ వచ్చాడు. తెర చూశాడు. తుక్కు డబ్బా కూడా చూశాడు.

"ఏమైంది దీనికి?"

"బాగైంది ఉస్తాద్."

"అది కనిపిస్తూనే ఉంది. దేనివల్ల చెడింది?"

"కార్డు వల్ల."

"మరి ర్యామ్ ఎందుకు మార్చావు?"

"ఎందుకైనా మంచిదని."

"పవర్ సప్లై?"

"అదీ అంతే."

ఉస్తాద్ మళ్ళీ తుక్కు డబ్బా వైపు చూశాడు. తిట్టినా బాగుండేదని హైమావతికి అనిపించింది. ఈలోగా కన్నమ్మ టీచర్ సంచీ జిప్పు లాగుతూ అడిగింది.

"ఇంటికెళ్ళాక మళ్ళీ ఆగిందనుకో, నేనేం చూసుకోవాలమ్మాయ్?"

"ఆగదు టీచర్."

"ఆగదులే. ఒకవేళ ఆగితే?"

హైమావతి నోరు తెరిచింది. నాలుగు పేర్లు ఒకేసారి నాలుక మీదకొచ్చాయి. ఏది చెప్పాలో తెలియక మళ్ళీ మూసుకుంది.

ఉస్తాద్ మూలకు వెళ్ళి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుని, తుక్కులోంచి పాత కార్డు తీశాడు. ఉఫ్‌మని ఊది, భుజం మీది తువ్వాలుతో తుడిచి, తెచ్చి హైమావతి ముందు పెట్టాడు.

"దీన్ని మళ్ళీ పెట్టు."

"బాగైనదాన్ని చెడగొట్టమంటారా ఉస్తాద్?"

"ఊ."

"టీచర్‌కి నాలుగింటికి బస్సుంది."

"ఉంటే ఉంది. పెట్టు."

హైమావతి చేసినదంతా నీళ్ళపాలు. మూడు రోజుల చాకిరీ. అదీ బయటి మనిషి ముందు. ముసలాయనకు చాదస్తం ముదిరిందనే అనుకుంది. అయినా ఉస్తాద్ మాటకు ఎదురు చెప్పడం ఆ కొట్టులో లేదు. ప్లగ్గు తీసింది, కొత్త కార్డు పీకింది, పాతది దిగ్గొట్టింది. కాస్త గట్టిగానే దిగ్గొట్టింది. మళ్ళీ లేపి ముప్పై ఒకటో పేజీ తెరిచింది.

ముగ్గురూ చూస్తూ కూర్చున్నారు. ఐదు నిమిషాలు అయింది. పదీ దాటింది. బొమ్మ చెక్కుచెదరలేదు. పాత కార్డు శుభ్రంగా పనిచేస్తోంది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న మనిషికి నాలుగో కాలు కనిపించింది. హైమావతి చెవులు ఎర్రబడ్డాయి. ఉస్తాద్ ఆమె వైపు చూడలేదు. ఖమ్మం నుంచి వచ్చిన కొత్త కార్డును దాని అట్టపెట్టెలోనే పెట్టి అరలో సర్దాడు.

"ఇప్పుడు ర్యామ్," అన్నాడు.

పాత ర్యామ్ పెట్టారు. పావుగంట ఆగారు. బాగానే ఉంది. పాత కేబుల్ పెట్టారు. అదీ బాగానే ఉంది. ప్రతిసారీ ఒక్కటే, ప్రతిసారీ పావుగంట. మొదట్లో హైమావతి ర్యామ్, కేబుల్ రెండూ కలిపి పెట్టబోతే ఉస్తాద్ కేబుల్‌ని చేతిలోంచి తీసుకుని తన జేబులో వేసుకున్నాడు.

"దులిపిన దుమ్ము మాత్రం మళ్ళీ చల్లక్కర్లేదులే," అన్నాడు.

కన్నమ్మ టీచర్ నవ్వింది. హైమావతికి నవ్వు రాలేదు.

బస్టాండు వైపు నుంచి చర్ల బస్సు హారన్ వినిపించింది. టీచర్ లేచి, గుమ్మం దాకా వెళ్ళి, రోడ్డు చూసి వెనక్కి వచ్చింది. సంచీ బల్ల కిందకు తోసి మళ్ళీ కూర్చుంది.

"మీకు ఆలస్యమైపోతోంది టీచర్," అంది హైమావతి.

"పోనీలే అమ్మాయ్. రేపు పొద్దున ఇంకోటుంది. ఆ వాగు దాటాక ఇది మళ్ళీ బిగుసుకుపోయిందనుకో, నాకు రేపూ లేదు, ఎల్లుండీ లేదు."

ఇక తుక్కులో మిగిలింది ఒక్క పవర్ సప్లై డబ్బా. ఇటుకంత ఇనప పెట్టె, వెనక ఫ్యాను, ముందు జడలా వైర్లు. హైమావతి కొత్తది విప్పి పాతది బిగించింది. మీట నొక్కింది. పేజీలన్నీ దాటుకుంటూ ముప్పై ఒకటి తెరిచింది.

ఒక నిమిషం గడిచింది. ఇంకో నిమిషం. మూడో నిమిషంలో అడ్డగీతలు పడ్డాయి. పూలు ఏరే ఆడవాళ్ళు ముక్కలై పక్కకు జరిగారు. బాణం బిగుసుకుపోయింది.

"వచ్చావా నాయనా," అన్నాడు ఉస్తాద్, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు. ఆయన ముఖంలో అంత వెలుగు హైమావతి ఎప్పుడూ చూడలేదు.

ఆమె చెయ్యి కొత్త డబ్బా మీదకు పోయింది.

"ఆగు. ఇంకోసారి రానీ."

ఆపి లేపింది. మళ్ళీ ఆగిపోయింది.

"ఇంకోసారి."

మూడోసారి హైమావతి తెర వైపు చూడలేదు. ఎందుకు చూడలేదో తనకే తెలియదు, విసుగేమో. తల వంచి పెట్టె పక్కన కూర్చుంది. అప్పుడు వినిపించింది. పవర్ సప్లైలోని ఫ్యాను ఒక్కసారిగా జోరు తగ్గి, సన్నగా, ఏదో నొప్పి ఉన్నదానిలా మూలిగింది. రెండు క్షణాలు. ఆ వెంటనే కన్నమ్మ టీచర్ "పడ్డాయి గీతలు" అంది.

హైమావతి తలెత్తింది. అన్ని రంగులకు కావలసిన కరెంటు ఈ డబ్బా ఇవ్వలేకపోతోందన్నమాట. రెండు రోజులపాటు ఇదే పెట్టె ముందు కూర్చుంది. ఎన్నిసార్లు మూలిగి ఉంటుందో. ఒక్కసారీ వినలేదు. బొమ్మ చెడుతోందని బొమ్మనే చూస్తూ కూర్చుంది.

"విన్నారా ఉస్తాద్?" అంది మెల్లగా.

ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు.

"ఇక బాగుచెయ్ బిడ్డా," అని టీ కోసం వీధిలోకి వెళ్ళిపోయాడు.

హైమావతి ప్లగ్గు తీసింది. పాత డబ్బాను పట్టి ఉంచిన నాలుగు స్క్రూలు చూసింది. కొత్త డబ్బా పక్కనే ఉంది. మార్చడానికి తనకు పది నిమిషాలు కూడా పట్టదు.

స్క్రూడ్రైవర్ తీసుకుంది. తర్వాత కింద పెట్టేసి, ప్లగ్గు మళ్ళీ పెట్టి, పెట్టె పక్కకు ఇంకో స్టూలు లాగింది.

"టీచర్, ఇలా వచ్చి చెవి పెట్టండి," అంది. "ముందు ఇది ఎలా మూలుగుతుందో వినండి. మార్చడం తర్వాత నేర్పిస్తాను."