అచ్చియ్యమ్మ పళ్ళు, ఎడంచేతి కాలవ

గవర్రాజు ఇంట్లో అందరికీ తమ తెలివంటే మహా గర్వం. "లోకంలో జనం చెప్పేదొకటి, చేసేదొకటి. మా ఇంట్లో ఆ పప్పులుడకవు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే!" అని గవర్రాజు కనిపించిన వాడికల్లా చెప్పేవాడు. పెళ్ళాం సూరీడమ్మ తల ఊపేది. బావమరిది పోతురాజు కూడా ఊపేవాడు గానీ, ఎవరైనా ఆపమనేదాకా ఆపేవాడు కాదు.

ఈ ముగ్గురూ, గవర్రాజు తల్లి అచ్చియ్యమ్మా కలిసి మంచం, పొయ్యి అన్నీ ఉన్న ఇల్లులాంటి వ్యాను ఒకటి అద్దెకు తీసుకున్నారు. దాని వెనక మూడు సైకిళ్ళు కట్టుకుని నడిలంక చూడ్డానికి బయల్దేరారు. కాలవ నీళ్ళను తలుపులతో ఆపే తెల్లదొరల నాటి లాకులు, ధాన్యం పడవలు ఆగే పాత గిడ్డంగులు ఉన్న కాలవ ఊరది. వ్యాను కాలవగట్టున ఆపారు.

అచ్చియ్యమ్మకు జంతికలంటే ప్రాణం. పిండి కలిపి పెట్టుకుని, మొహం కడుక్కోబోతూ కొడుకును పిలిచింది. "ఒరే, నా కట్టుడు పళ్ళు కాస్త నీ దగ్గరుంచు. కొత్త ఊరు. నేను అడిగితేనే ఇయ్యి. అడిగింది నేనేనని తెలిస్తేనే ఇయ్యి" అని చెప్పి, పళ్ళు తీసిచ్చి, మొహానికి సబ్బు రాసుకుంది. అంతే, గవర్రాజు పళ్ళను రుమాల్లో చుట్టి జేబులో వేసుకుని, ఊరు చూడ్డానికి సైకిలెక్కేశాడు. మిగతా ఇద్దరూ అతని వెనకే. ఆవిడ సబ్బు కడుక్కుని చూస్తే కొడుకూ లేడు, పళ్ళూ లేవు.

దారిలో టీ కొట్టాయన్ని అడిగారు. "దారి తప్పకుండా ఊరు చూడాలంటే ఎలాగండీ?"

"ఏవుందండీ, కాలవ ఎప్పుడూ మీ ఎడంచేతి పక్కనే ఉండేలా చూస్కోండి. అది తప్పారా, దారి తప్పినట్టే."

"ఎడంచెయ్యి ఏదో మర్చిపోతే?" అన్నాడు పోతురాజు. ఆ మాటకు గవర్రాజు హడలిపోయాడు. సూరీడమ్మ తన జడ రిబ్బను మూడు ముక్కలు చేసి ముగ్గురి ఎడంచేతులకూ కట్టింది.

లాకుల దగ్గర కాపలా తాత ఎదురొచ్చాడు. "పైకెక్కి చూడండి గానీ, సైకిళ్ళు జాగర్త బాబూ. కదలని దానికి కట్టి తాళం వెయ్యండి."

పోతురాజు కరెంటు స్తంభాన్ని ఊపి చూశాడు. కాస్త కదిలింది. లాకుల్లో ధాన్యం పడవ ఆగి ఉంది. దాన్ని ఒళ్ళంతా చెమటలు పట్టేలా తోశాడు. ఇసుమంతైనా కదల్లేదు. ఇంకేముంది, మూడు సైకిళ్ళూ దానికే కట్టి తాళం వేశారు. ఇంతలో లాకుల వాళ్ళు తలుపులు తెరిచారు, పడవ సైకిళ్ళతో సహా వెళ్ళిపోయింది.

"కదలదన్నావుగదరా!" అని అరిచాడు గవర్రాజు.

"నేను తోస్తే కదల్లేదు బావా. ఇప్పుడు నేను తొయ్యలేదుగా!"

లబోదిబోమంటూ గట్టు వెంట పరిగెత్తి, ఊరి చివరి రేవులో పడవను అందుకుని సైకిళ్ళు విడిపించుకున్నారు. అప్పటికి మిట్టమధ్యాహ్నం. జేబు తడుముకోగానే గవర్రాజుకు ఏడుపొచ్చింది. "అయ్యో, అమ్మ జంతికలు ముందేసుకుని బోసినోటితో కూర్చుని ఉంటుందే! పదండి, పదండి!"

సైకిళ్ళు వెనక్కి తిప్పారు. సూరీడమ్మ కెవ్వుమంది. "ఏవండీ! కాలవ కుడిచేతి పక్కకొచ్చేసింది!"

గబుక్కున మళ్ళీ ఇటు తిరిగారు. కాలవ ఎడం పక్కకొచ్చింది. కానీ ఇటు వెళ్తే వ్యాను దూరమైపోతుంది. ముగ్గురూ గట్టు మీద చతికిలబడ్డారు. చివరికి పోతురాజుకే బుద్ధి వెలిగింది. "మనం తిరక్కపోతే సరి. ఇలాగే వెనక్కి నడుద్దాం!"

అంతే, మొహాలు అటు పెట్టి, సైకిళ్ళు లాక్కుంటూ వెనక్కి నడిచారు. గవర్రాజు గేదెను గుద్దుకున్నాడు. సూరీడమ్మ వంకాయల బుట్టలో కూర్చుంది. పోతురాజు రెండుసార్లు కాలవలో పడ్డాడు. ఎడం పక్కకే పడ్డానని సంతోషించాడు.

"తిన్నగా నడవచ్చు కదయ్యా!" అన్నాడు దారిన పోయే పెద్దాయన.

"భలేవారే, దారి తప్పిపోమూ?" అన్నారు ముగ్గురూ.

వ్యాను చేరేసరికి సాయంత్రమైంది. అచ్చియ్యమ్మ ముందు జంతికల గుట్ట. పొద్దుటినుంచీ ఒకే ఒక్క జంతికను చప్పరిస్తోంది పాపం. కొడుకును చూడగానే లేచి, "నా ఫఫ్ఫు ఇయ్యా!" అంది.

గవర్రాజు జేబు గట్టిగా పట్టుకున్నాడు. "మా అమ్మ ఇలా మాట్లాడదు. ఈవిడెవరో అమ్మ చీర కట్టుకుంది."

ఆవిడ జంతికల గొట్టంతో వీపు మీద ఒక్కటిచ్చింది.

"దెబ్బ మాత్రం అత్తమ్మదే" అన్నాడు పోతురాజు.

"దెబ్బ చాలదురా. అమ్మ గొంతుతో అడగాలి."

సూరీడమ్మే ఉపాయం చెప్పింది. "పళ్ళు పెట్టుకుని అడగమనండి. అడిగింది అత్తయ్యేనని తెలియగానే ఇచ్చేద్దాం."

గవర్రాజు పళ్ళు అందించాడు. అచ్చియ్యమ్మ పెట్టుకుంది. ఆవిడా ఆ ఇంటి మనిషే కదా, చెప్పినట్టే అడిగింది. "ఒరే గవర్రాజూ, నా పళ్ళు నాకియ్యరా!"

"అమ్మా! నువ్వేనమ్మా!" అని గవర్రాజు ఆనందంతో జేబులో చెయ్యి పెట్టాడు. ఒట్టి రుమాలే చేతికొచ్చింది. ఇంకేముంది, అందరూ గొల్లుమన్నారు. "పళ్ళు పోయాయి! పళ్ళు పోయాయి!"

ముగ్గురూ చేతులకు రిబ్బన్లు బిగించి, కాలవను ఎడంచేతి పక్కన పెట్టుకుని వెతకడానికి మళ్ళీ బయల్దేరారు.

"తొందరగా తీసుకురండ్రా!" అని అచ్చియ్యమ్మ వెనకనుంచి కేకేసింది. "అవి లేకపోతే నేనీ జంతికలు ఎలా తినేది?" అని వాపోతూ ఇంకో జంతిక తీసుకుని కరకరా నమిలింది.