గరిక కుండ

మద్దిలేటి బాధ ఒక్కటే. తాత తన చెవిలో మాట చెప్పలేదు.

మా ఖాదర్ తాత సంగతి తెలియనివాళ్ళకు చెప్తా, వినండి. గుట్ట కింద ఆయన గురువు సమాధి ఉంది. దాని పక్కన రేకుల వసారా. ఆ వసారాలో తాత. మేము దాన్ని ఆస్తానా అంటాం. సాయిబులూ వస్తారు, హిందువులూ వస్తారు. తాతకు అందరూ ఒకటే. వచ్చేవాళ్ళలో ఎవరినైనా శిష్యుడని ఒప్పుకున్న రోజు, తాత వాళ్ళను దగ్గరికి పిలిచి చెవిలో ఒక మాట చెప్తాడు. ఆ మాట ఏందని అడగొద్దు. నాకూ చెప్పినాడు. నేను మాత్రం చెప్పను.

నేను సాలమ్మను. ఆస్తానాకు వచ్చిపోయేవాళ్ళకు అన్నం వండి పెట్టేదాన్ని. మద్దిలేటి కడుపుమంట కూడా అదే. "సంగటి గెలికే సాలమ్మకు మాట దక్కింది, పూలు కట్టే హుసేన్‌బీకి దక్కింది. నాకేం తక్కువ?" అని ఊరంతా చెప్పుకొని తిరిగేవాడు.

"తక్కువేం లేదబ్బీ, నీకు అన్నీ ఎక్కువే" అన్నా ఒకరోజు మొహం మీదే. అది పొగడ్త అనుకొని మీసం దువ్వుకున్నాడు. ఏం చేసేది!

అయినా ఉన్నమాట చెప్పాల. మా చుట్టుపక్కల ట్రాక్టర్లకు కొదవ లేదు గానీ, మద్దిలేటి షెడ్డు లాంటిది ఇంకోటి లేదు. కల్టివేటర్ ఒకచోట, నేలను లోతుగా తిరగేసే పెద్ద మడక ఒకచోట, ముందర తగిలించే బ్లేడు ఒకచోట. అన్నిటికీ నూనె పూసి, పసుపు కుంకుమ పెట్టి, పెళ్ళికొడుకుల మాదిరి నిలబెట్టి ఉంచుతాడు. అందరికంటే ముద్దుల కొడుకు మాత్రం కొత్తగా తెచ్చిన రొటావేటర్. దాని కత్తులు తిరిగితే ఎట్లాంటి నేలైనా పిండి అవుతుంది.

ఏ నేలకు ఏది తగిలించాలో వాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అది కూడా నిజమే. కంప పీకాలంటే ఏం చేయాల, రాళ్ళ చేనుకు ఏది పనికిరాదు, అన్నీ వాడి నోటి చివర ఉంటాయి. ఒకసారి టీ అంగడి దగ్గర ఆస్తానా పక్కచేను ఎల్లప్పను పట్టుకొని వాయించినాడు.

"గరిక పట్టిన చేనులో రొటావేటర్ తిప్పించినావంట! బుద్ధుండాల ఎల్లప్పా. ఆ వేరు ఎన్ని ముక్కలైతే అన్ని మొక్కలు లేస్తాయి. నువ్వు గరిక తీసినావా, గరిక విత్తినావా?"

అంగడి అంతా నవ్వింది. ఎల్లప్ప తలొంచుకొని టీ తాగకుండానే లేచిపోయినాడు.

ఇంక ఉండబట్టలేక ఒకనాడు మద్దిలేటి తాతనే అడిగేసినాడు. నేను పక్కనే బియ్యం చెరుగుతా ఉన్నా.

"తాతా, నేనేం తప్పు చేసినా? సమాధికి సున్నం కొట్టించినా. వసారాకు మట్టి తోలినా. ఏటా సమాధికి గంధం ఎక్కించే గంధం పండగకు ఊరేగింపు బండి లాగేది నా ట్రాక్టరే. నాకు మాట ఎప్పుడు చెప్తావు?"

తాత వసారా వెనక్కి చూసినాడు. అక్కడ ఆస్తానా చేను ఉంది. చేను అనడానికి కూడా లేదు, అంతా కంపచెట్లే. మేక పోతే మేక కనపడదు.

"మా గురువు ఉన్నప్పుడు దాంట్లో వంకాయ, గోంగూర పండేవి" అన్నాడు తాత. "వచ్చినవాళ్ళకు ఆ కూరే పెట్టేవాళ్ళం. ఇప్పుడు సాలమ్మ కూరాకు కోసం ఊళ్ళో ఇంటింటికీ పోతా ఉంది. ఆ చేను బాగు చెయ్యి నాయనా. బాగైనాక రా, చెప్తా."

మద్దిలేటి పకపకా నవ్వినాడు. "ఇంతేనా తాతా! ఇది నాకొక పనా? ఈసారి గంధానికి వచ్చేవాళ్ళు నీ చేను చూసి నోరెళ్ళబెట్టాల!"

మంచి ఎండాకాలంలో దిగినాడు. ఆ పని చూడాల్సిందే, నేను కాదనను. ఇంకొకడైతే బ్లేడుతో కంపను తోసి పారేస్తాడు. అట్ల చేస్తే చెట్టు నేల మట్టానికి విరుగుతుంది, వేరు లోపలే ఉండి మళ్ళీ చిగురిస్తుంది. మద్దిలేటి అట్ల చేయలేదు. ఒక్కో మొదలుకూ గొలుసు చుట్టి, ట్రాక్టర్‌కు కట్టి, నిదానంగా లాగినాడు. చెట్టు వేరుతో సహా కుయ్యోమని బయటికి వచ్చేది. ఒళ్ళంతా ముళ్ళు గీరుకుపోయి, చొక్కా చినిగి, అయినా పాట పాడుకుంటా చేసినాడు. ఆ తరువాతే బ్లేడు తగిలించి కంపనంతా ఒక మూలకు తోసినాడు. నాకే గర్వంగా అనిపించింది, మా ఊరి పిల్లోడు అని.

కంప పోయినాక కింద గడ్డి మిగిలింది. ఎండకు పచ్చదనమంతా పోయి చాపలాగా నేలకు అంటుకొని ఉంది.

మర్నాడు వాడు రొటావేటర్ తగిలించుకొని వచ్చినాడు. నేను చేని గట్టు మీద నిలబడి అడిగినా.

"ఏమబ్బీ, పెద్ద మడక తెస్తావనుకుంటే ఇది తెచ్చినావు?"

"మడక వేస్తే ఇంతింత మట్టిపెళ్ళలు లేస్తాయి సాలమ్మక్కా. వేర్లు ఎండాల, ఏరాల, మళ్ళీ దున్నాల. గంధానికి వచ్చినవాళ్ళకు పెళ్ళలు చూపించమంటావా? ఇది తిప్పితే పిండే."

"మరి ఆ గడ్డో?"

"ఎండి చచ్చిన గడ్డిలే అక్కా. ఇంక దానికేం ప్రాణం!"

తిప్పినాడు. అబ్బ, ఏం తిప్పినాడు! సాయంత్రానికి ఆ చేను జల్లెడ పట్టిన పిండి మాదిరి తయారైంది. పాదం పెడితే చీలమండ దాకా దిగిపోతుంది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసినారు. వాడు బండి మీదనే కూర్చొని అందరికీ వినపడేట్టు పిలిచినాడు.

"తాతా! రా, చూడు. చేను బాగైపోయింది!"

తాత చెప్పులు విప్పి చేనులోకి నడిచినాడు. నడుమ దాకా పోయి వంగినాడు. మట్టిలోంచి ఏందో తీసినాడు. తెల్లగా, వేలెడంత వేరు ముక్క. దాన్ని అరచేతిలో పెట్టుకొని, తిరిగొచ్చినాడు. వసారా అరుగు మీద నా పాత సంగటి కుండ ఒకటి, అంచు విరిగింది, పడి ఉంది. దాంట్లో ఇంత మట్టి నింపి, ఆ ముక్కను గుచ్చి, నమాజుకు ముందు కాళ్ళుచేతులు కడుక్కునే చెంబుతో కొంచెం నీళ్ళు పోసినాడు.

"మరి మాట తాతా?" అన్నాడు మద్దిలేటి.

"వాన రానీ నాయనా."

వాడికి రవ్వంత కూడా అనుమానం రాలేదు. పైగా ఆ రోజు నుంచి ఊళ్ళో కొత్త డప్పు మొదలుపెట్టినాడు. "నేను దున్నిన మట్టిని తాత కుండలో పెట్టుకొని నీళ్ళు పోస్తున్నాడు! ఎవరికి దక్కింది ఇట్లాంటి భాగ్యం? సాలమ్మకు దక్కిందా?" నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తాత రోజూ ఆ కుండకు నీళ్ళు పోస్తానే ఉన్నాడు.

తొలకరి వచ్చింది. ఒక మంచి వాన కురిసి పోయింది.

ఆ తరువాత కొద్దిరోజులకే చేను పచ్చబడింది. ముందు అక్కడక్కడ. ఆనక అంతటా. కంపకింద అయినా ఖాళీలు ఉండేవి, ఇప్పుడు ఒక్క జానెడు నేల కూడా ఖాళీ లేదు. ఎవరో ఒడుపుగా చల్లినట్టు, చేను మొత్తం గరికే.

మద్దిలేటి ట్రాక్టర్ ఉరికించుకుంటా వచ్చినాడు. వెనకాల రొటావేటర్ తగిలించే ఉంది. మొహం కందగడ్డ అయింది. బండి దిగకముందే మొదలుపెట్టినాడు.

"ఇది నా తప్పు కాదు తాతా. పక్కచేను ఎల్లప్పది. వాడి గరికే కొట్టుకొచ్చి ఉంటుంది. మళ్ళీ ఒక్కసారి గట్టిగా తిప్పినానంటే..."

తాత అరుగు దగ్గరికి పోయి ఆ కుండను రెండు చేతులతో ఎత్తుకొచ్చినాడు. కుండ నిండిపోయి, అంచు దాటి, తీగలు కిందికి వేలాడుతున్నాయి. ఒక్కో గణుపు దగ్గర తెల్లటి వేరు పొడుచుకొస్తా ఉంది. దాన్ని మద్దిలేటి చేతుల్లో పెట్టినాడు.

"నీ చేనిదే నాయనా. వేలెడు ముక్క. నేను నీళ్ళు మాత్రమే పోసినా."

వాడు కుండను చూసినాడు. చేనును చూసినాడు. టీ అంగడి గుర్తొచ్చిందో, ఎల్లప్ప మొహం గుర్తొచ్చిందో, ఆ దేవునికే తెలియాల. చెవులు మాత్రం ఎర్రబడిపోయినాయి.

కుండను అరుగు మీద పెట్టేసి, అక్కడికక్కడే రొటావేటర్ ఊడదీసి ఒక పక్కన పడేసినాడు. ట్రాక్టర్ ఒక్కటే తోలుకొని ఇంటికి పోయి, పెద్ద మడక తగిలించుకొని వచ్చినాడు.

దేవుడి దయ, వాన ఆ ఒక్కరోజు కురిసి మొహం చాటేసింది. ఎండ మళ్ళీ నిప్పులు చెరిగింది. మద్దిలేటి మడక దించి లోతుగా దున్నినాడు. గరిక వేర్లు పైకి తిరగబడి ఎండలో పడినాయి. దాని మీద కల్టివేటర్ లాగినాడు. పళ్ళకు చిక్కిన వేర్లను చేత్తో పీకి కుప్ప పోసినాడు. మట్టిలో మిగిలినవి వంగి ఏరినాడు. ట్రాక్టర్ సీటు మీద తప్ప కూర్చోని మనిషి నేల మీద గొంతుక్కూర్చొని ఏరినాడు. ఈసారి పాట లేదు.

ఆ పని నడుస్తుండగానే గంధం పండగ వచ్చేసింది. జనం వచ్చేసినారు. ఊరేగింపు బండి లాగడానికి ఈసారి వేరే ట్రాక్టర్ వచ్చింది. చేను చూస్తే ఏముంది, ఇంతింత పెళ్ళలు, గుట్టలు గుట్టలుగా వేర్లు, నడుమ మట్టి కొట్టుకుపోయిన మద్దిలేటి.

పైఊరు పెద్దమనిషి ఒకాయన గట్టు మీద ఆగినాడు. "ఏమప్పా, ఇంత గరిక ఎట్ల పట్టింది ఈ చేనుకు? ఎవరు చెడగొట్టినారు?"

పక్కనే ఎల్లప్ప ఉన్నాడు. చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. నేను మద్దిలేటి నోటి వైపే చూస్తా ఉన్నా. వీడు మళ్ళీ ఆయన పేరు చెప్తాడేమో, తన పరువు కాపాడుకుంటాడేమో అని.

మద్దిలేటి లేచి నడుము నిలబెట్టుకున్నాడు.

"నేనేనన్నా. గరికలో రొటావేటర్ తిప్పినా. ఇదంతా నేను విత్తిందే." ఎల్లప్ప వైపు చూసి, "అంత మాట నిన్ను అన్నా గదా ఎల్లప్పా, మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు.

ఎల్లప్ప పంచె ఎగ్గట్టి చేనులోకి దిగి, వాడి పక్కనే కూర్చొని వేర్లు ఏరడం మొదలుపెట్టినాడు.

మధ్యాహ్నం అన్నం బంతులు నడుస్తా ఉన్నాయి. మద్దిలేటి వచ్చి ఆ చివరన, వసారా బయట, ఎండలో కూర్చున్నాడు. ఎప్పుడూ తాత పక్కన కూర్చునేవాడు. నేను విస్తరి వేసినా.

తాత అక్కడినుంచే అడిగినాడు. "ఏం మద్దిలేటీ, చేను బాగైందా?"

"యాడ తాతా. ఈ ఎండకు కొంత చస్తుంది. లోపల ఇంకా ఉంటుంది. వచ్చే ఎండాకాలం మళ్ళీ దున్నాల. ఆ పైయేడు కూడా కనిపెట్టుకొని ఉండాల."

"మాట కోసం వచ్చినావా?"

"లేదు తాతా. ఆకలేసి వచ్చినా."

తాత లేచినాడు. మా తాత ఎవరి దగ్గరికీ లేచి పోయేవాడు కాదు. నాకు మాట చెప్పినప్పుడు కూడా నేనే ఆయన దగ్గరికి పోయినా. ఆ రోజు బంతంతా తినడం ఆపి చూస్తుండగా, ఆ ముసలాయన కట్టె పట్టుకొని ఎండలోకి నడిచినాడు. మద్దిలేటి పక్కన నేల మీద కూర్చున్నాడు.

వాడు కంగారుగా చేతుల మట్టి పంచెకు తుడుచుకోబోయినాడు.

"ఉండనీ, అది పోయేది కాదులే" అన్నాడు తాత. "చెవి ఇటు పెట్టు."